అడగకముందే చెప్పిన మనిషి

గత శుక్రవారం పొద్దున మా అల్లుడు ఫోన్ చేసి, "అత్తమ్మా, అమ్మ పోయింది" అన్నాడు. నిద్రలోనే పోయిందట. ముందురోజు సాయంత్రమే ఫోన్‌లో నేను బీపీ గోలీ వేసుకున్నానో లేదో అడిగి, వేసుకునేదాకా ఫోన్ పెట్టని మనిషి. ఆమె నా వియ్యపురాలు.

శంషాబాద్ పక్క ఊళ్లో బర్రెలు పెంచి, చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసేది. నేను బుద్వేల్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మొదట్లో మాకు పడేది కాదు. మా పిల్లల పెళ్లి వంటల దగ్గర నేను పప్పు కొలిపించి పోయిస్తుంటే, "ఏంది వదినె, అన్నం పెడుతున్నవా, పరీక్ష పెడుతున్నవా?" అంది అందరి ముందు. ఆ మాటకు చాలాకాలం ముభావంగా ఉన్నాను.

మమ్మల్ని దగ్గర చేసింది మా మనవరాలు. ఆ పిల్ల ఉద్యోగం వదిలేసి, స్నేహితులతో కలిసి ఈ మధ్య ఒక యాప్ తయారుచేసింది. గల్ఫ్ నుంచి వచ్చే మనుషుల కోసం ఎయిర్‌పోర్టుకు వెళ్లే కుటుంబాలకు, ఏ విమానం ఎప్పుడు దిగుతుందో తెలుగులో చెప్పే యాప్. ఆ వేళలు వీళ్లకు ఒక కంపెనీ అందిస్తుంది. యాప్ విడుదలైన కొద్దిరోజులకే అవి తప్పడం మొదలైంది. దిగిపోయిన విమానాన్ని ఇంకా రాలేదని చూపించేది. పసిబిడ్డతో దిగిన ఒక తల్లి బయట ఎండలో నిలబడి ఏడ్చింది. ఆమె భర్త యాప్‌ను నమ్మి, ఇంకా టైముంది కదా అని దారిలో ఆరాంఘర్ దగ్గర ఆగి టిఫిన్ తింటున్నాడు. అతను ఫోన్ చేసి తిట్టిన తిట్లకు మా పిల్ల ఆ రోజు ముద్ద ముట్టలేదు.

వేళలిచ్చే కంపెనీని మార్చక తప్పదని తేలింది. కొత్తది కూడా ఇలాగే చేస్తే? రెండోసారి తప్పితే ఆ యాప్‌ను ఇక ఎవరూ తెరవరు. నాకు గుండె దడ పట్టుకుంది.

"ఎవ్వరికీ చెప్పకుండ మారుస్తం అమ్మమ్మా. చెప్తే ఉన్నోళ్లు గూడ పోతరు" అంది పిల్ల.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న వియ్యపురాలు తల ఎత్తలేదు. "నా బర్రె వట్టిపోయినప్పుడు నేనేం జేసేదాన్నో ఎరుకేనా?"

నాకు ఎరుకే. అలాంటప్పుడు పక్కింటి పాలు కొని తెచ్చి పోసేది. కానీ ప్రతి గేటు ముందూ, ఇంటావిడ గిన్నె పట్టకముందే, "ఇయ్యాల నా బర్రె పాలు గావు, పక్కింటోళ్లవి. ఇష్టముంటేనే పోసుకోండ్రి" అని అరిచేది. కొందరు గిన్నె వెనక్కి తీసుకునేవారు. మిగిలిన పాలు ఇంటికి తెచ్చి తోడేసేది. "ఆళ్లు అడిగేదాంక ఆగితే దొంగ లెక్క నిలబడాలె" అనేది.

"నాయనమ్మా, అవి పాలు. ఇది డేటా."

"రెండూ పొద్దుగాల ఎవరో నమ్మి తీసుకునేటివే గద బిడ్డా."

మార్చేముందు కొత్త వేళలను ఎయిర్‌పోర్టు బోర్డుతో సరిచూడాల్సిందేనని నేను పట్టుబట్టాను. ముగ్గురం వెళ్లాం. నేను ఫోన్‌నూ బోర్డునూ మార్చి మార్చి చూస్తుంటే, వియ్యపురాలు ఎదురుచూసేవాళ్ల మధ్య కూర్చుని, "మా పిల్ల యాపు జర తప్పు చూపెడుతున్నదక్కా, నమ్మకుండ్రి. రేపు మారుస్తది" అని ఒక్కొక్కరికీ చెబుతోంది. పిల్ల చున్నీతో మొహం కప్పుకుంది.

"నువ్వు మా దిక్కా, ఆ కంపెనీ దిక్కా నాయనమ్మా?"

"విమానం దిక్కు."

ఆ రోజు కొత్త వేళలు బోర్డుతో సరిపోయాయి. మర్నాడు పిల్ల అందరికీ సందేశం పంపింది. ఇన్నాళ్లూ వేళలు తప్పాయని, ఇవాళ్టి నుంచి వేరే చోటి నుంచి తెస్తున్నామని, ఈ ఒక్కరోజు బోర్డు కూడా చూసుకోమని రాసింది. చాలామంది యాప్ తీసేశారు.

"పాలు మిగిలినయ్ నాయనమ్మా" అంది ఏడుపు గొంతుతో.

"తోడేసుకుందాం తియ్."

మళ్లీ ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. దుబాయ్ విమానం దిగిందని యాప్ అంటోంది. ఆలస్యమని బోర్డు అంటోంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని రెండూ మళ్లీ చూశాను. నిన్న ఆమె మాట్లాడిన కుటుంబం ఒకటి, తమవాడి విమానం ఇవాళ్టికి వాయిదా పడడంతో మళ్లీ వచ్చి, "దిగిందా పెద్దమ్మా, దిగలేదా?" అని వియ్యపురాలినే అడిగింది.

"నాకూ ఎరుకలేదు బిడ్డా. తలుపు దిక్కే చూస్కుంట ఉందాం" అని నా చేయి పట్టుకుంది. "నాకు భయమైతున్నది వదినె" అంది నా చెవిలో. అంతవరకు ఆమెకు భయమనేదే లేదనుకున్నాను. ఇద్దరికీ ఉన్న భయం ఒకటే అని తెలిశాక నా దడ కొంచెం తగ్గింది. దానికి నేను ఆమెకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

ఎంతసేపు నిలబడ్డామో చూసుకోలేదు. తలుపు తెరుచుకుంది. తాళ్లతో కట్టిన అట్టపెట్టెల ట్రాలీ తోసుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. ఆ కుటుంబమంతా పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తింది. ఆ తర్వాతే బోర్డు మారింది. మనవరాలు నేలమీదే కూలబడి నవ్వుతోంది.

నా పక్కన చూస్తే వియ్యపురాలు లేదు. ఆ గుంపులోకి దూరి, అత్తలనూ అక్కలనూ తోసుకుని, ముక్కూమొహం తెలియని ఆ కుర్రాడి చెంపలు నిమిరి, తన కణతలకు చేతులానించి మెటికలు విరుస్తోంది. అతను తికమకగా నవ్వి, తను మరిచిపోయిన ఏ చుట్టమో అనుకుని, వంగి ఆమె కాళ్లకు దండం పెడుతున్నాడు.