ముందు అద్దం లేని కారు

రాజపాళయంలో మిల్లున్న విజయరాఘవరాజును కట్టుకుని నాచ్చియార్ పొందిన వైభోగమల్లా ఒక కారు. అదీ పుదుచ్చేరి దొర ఒకడు వాడి వదిలేసిన ఫ్రెంచి కారు. ఆ ఇంటి ఆడవాళ్లు పరాయి కంట పడకూడదట! అందుకని పక్క అద్దాలకు నల్ల తెరలు, డ్రైవరు వీపు వెనక ఇంకో తెర. మంసాపురంలో కాళ్లు పడిపోయి మంచాన ఉన్న తల్లిని చూడటానికి నెలకొకసారి ఆ చీకట్లోనే వెళ్లివచ్చేది.

ముప్పైతొమ్మిదిలో ఒకనాడు ఆ దారిలోనే రాయి ఎగిరివచ్చి ముందు అద్దం భళ్లున పగిలింది. గాలికి తెర పైకి లేచింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమెకు కొండ కనబడింది, పత్తిచేలు కనబడ్డాయి. ఒళ్లో గాజుపెంకులు పడినా పట్టించుకోలేదు, అంత సంతోషం!

"బాలుసామీ, ఆ అద్దానికి పేరేమి?" అంది.

డ్రైవరు బాలుసామి పుదుచ్చేరిలో పని నేర్చినవాడు. "పార్‌బ్రీజ్ అంటారమ్మా. పార్ అంటే అడ్డుకునేది, బ్రీజ్ అంటే గాలి. అది ఓడలోళ్ల మాట, సముద్రం గాలికి. మొదట్లో కార్లకు అద్దమే లేదంట, దుమ్మూ పురుగులూ అన్నీ కంట్లోనే. అద్దం పెట్టినాక దొరలు రెండు మాటలూ చేర్చి పేరు పెట్టినారు."

"ఇన్నాళ్లూ నా గాలిని అడ్డుకున్నది అదేనా!" అని పకపకా నవ్వింది.

ఇంటికి రాగానే రాజుగారు ఒక్క మాటతో తేల్చేశారు. "తెర ఎగిరే కారులో మా ఇంటి ఆడది పోయేది లేదు."

"మదురైలో అద్దం కోయించి బిగిస్తాను, ముదలాళీ," అన్నాడు బాలుసామి.

"ఫ్రెంచి కారుకు మదురై అద్దమా? ఊరు నవ్వదూ? ఫ్రెంచి సీమ నుంచే రావాల."

సీమకు ఆర్డరు వెళ్లింది, వెంటనే యుద్ధం వచ్చింది, ఓడలు ఆగిపోయాయి. ఎద్దుబండిలో పోతానని నాచ్చియార్ కాళ్లావేళ్లా పడింది. కారున్న ఇంటి ఆడది బండెక్కుతుందా అని ఆయన కసిరారు. చూడండి ఆ పరువు! పూటలో చేరే ఊరు ఆమెకు కాశీ అయి కూర్చుంది. "పాప ఎప్పుడు వస్తాది?" అని పత్తిబండ్లవాళ్లతో తల్లి కబురు పంపేది. కూతురు మధ్యాహ్నాలు షెడ్డులోకి పోయి, కదలని ఆ కారులో కూర్చుని ఏడ్చేది.

నలభైమూడులో తల్లి పోయింది. ఆ రోజు మాత్రం రాజుగారు తామే ముందుండి ఎద్దుబండి కట్టించారు.

యుద్ధం ముగిశాక గడ్డిలో చుట్టి అద్దం వచ్చింది. బాలుసామి బిగించి తుడిచాడు. రాజుగారికి పట్టరాని సంబరం.

"ఎక్కు నాచ్చియారూ! ఇప్పుడు ఎక్కడికి పోవాలన్నా పో."

"నేను పోవాల్సిన చోటికి మీరు అప్పుడే బండి కట్టించినారు గదా," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.