ఆ గొంతుకి మాట నేర్పింది నేను కాదు

మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళు మోసిన సంగతి ఇది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మాది గుంటూరు వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు, ఇల్లు ఎల్బీనగర్లో. బంద్ అంటే మా కాలేజీ హాస్టల్ మెస్సు కూడా మూసేసేవారు. అందుకని నా క్లాస్‌మేట్ స్వరూప మా ఇంటికి వచ్చేసేది. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె. తనకి కంప్యూటర్ లేదు. నాకు కంప్యూటర్ ఉంది, బుర్ర లేదని మా అమ్మ వేళాకోళం.

చూపులేని వాళ్ళకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు, జీతం మాత్రం ఉండదు. అది తెలుగు చదివితే ఒత్తులు మింగేసేది. అన్నాన్ని 'అనం' అనేది. దాన్ని సరిచెయ్యాలని స్వరూప పట్టుబట్టి కూర్చుంది. వీధిలో నినాదాలు హోరెత్తుతున్నా తల తిప్పేది కాదు. ఒక బంద్ మధ్యాహ్నం ఆ యంత్రం "అన్నం తిన్నావా" అని స్పష్టంగా అడిగింది. అమ్మ గరిటెతోనే వచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నాతోపాటు చదివే పిల్ల, మా చాప మీద కూర్చుని, ఒక గొంతుకి మాట నేర్పింది! నాకు ఇప్పటికీ అది అద్భుతమే.

నా కంప్యూటర్ కాబట్టి పని నా పేరుతోనే వెళ్ళింది. అంతవరకూ పొరపాటే. ఆ ప్రాజెక్టు చూసుకునే ఆయన, ఎక్కడో దూరదేశంలో ఉన్నాయన, సంబరపడిపోతూ జవాబు రాశాడు. ఇందులో ఇంకెవరి చెయ్యైనా ఉందా, వాళ్ళ పేరూ చేరుస్తానన్నాడు. అది వాళ్ళ పద్ధతి. జీతం లేని చోట ఇచ్చేది పేరొక్కటే. 'నేనొక్కదాన్నే' అని రాశాను. ఎందుకు? ఉద్యోగానికి పనికొస్తుందనా? అసూయా? రెండూనేమో.

తర్వాతి బంద్‌కి స్వరూప వచ్చింది.

"ఏమైందే? తీసుకున్నరా మన పని?"

"లేదే. బాగోలేదన్నారు."

"గట్లనా..." తెర వైపు చెయ్యి చూపించింది. "నాకు గివి ఒస్తయనుకున్న. పోనీ తియ్. ఆంటీని జర అన్నం పెట్టమను, ఆకలైతుంది."

మళ్ళీ అలాంటి పని ముట్టుకోలేదు తను. చదువవగానే బ్యాంకు పరీక్షలకి పోయింది. ఆ పని చూపించే నేను మొదటి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ బంద్‌ల రోజుల్లోనే చుట్టాలు చేరితే నేనే అందరికన్నా గట్టిగా వాదించేదాన్ని, మేమెవరి నోటి దగ్గర కూడు లాక్కున్నామని. పక్కగదిలో స్వరూప వింటూ ఉండేది. సిగ్గు నాకుండాలి కదా, అప్పుడు లేదు.

మొన్న మెట్రోలో నా పక్కన చూపులేని పెద్దాయన ఒకరు ఫోన్లో వార్తలు వింటున్నారు. అదే సాఫ్ట్‌వేర్. ఒక్క ఒత్తూ పోవడం లేదు. ఎంతమంది చెవుల్లో ఉందో స్వరూప, ఆ సంగతి తనకే తెలియదు! చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆయనకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. స్టేషన్ వచ్చింది, దిగిపోయాను.

స్వరూప నంబరు నా దగ్గరుంది. క్షమించమని అడిగే మొహం లేదు. మీకు చెప్పాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ పని మొత్తం స్వరూపది. వాళ్ళు బాగుందనే అన్నారు. బాగోలేదన్నది నేను.