నర్సయ్య పోసిన ముగ్గు

నర్సయ్యకు కడుపుమంట ఊరికే రాలేదు. మాదాపూర్ బండల మధ్య లేస్తున్న కంపెనీ బిల్డింగుకు అతను రాత్రి వాచ్‌మన్. పొద్దుగూకగానే టకటకమని కూసే నేలపిట్టను మూడేళ్లుగా చూస్తున్నవాడు. అది గూడు కట్టదు, ఉత్త నేలమీదే గుడ్లు పెడుతుంది. అలాంటిది, పిట్టలమీద పరిశోధన చేసే విశ్వేశ్వరరావుగారు వచ్చి ఎవరి మాటలు నోటుబుక్కులో రాసుకున్నారు? పక్క ప్లాటు వాచ్‌మన్ రామచంద్రానివి! మొన్న మొన్న పనిలో చేరినవాడు, పిట్టకూ పిడకకూ తేడా తెలియనివాడు!

"ఇక్కడ ఈ పిట్ట ఎన్నాళ్లు పొదుగుతుందో ఎవరూ లెక్కపెట్టి రాయలేదండీ. పుస్తకాల్లో ఆ జాగా ఖాళీగానే ఉంది," అన్నారాయన వెళ్తూ.

ఆ ఖాళీలో తన పేరు పడాలి. నర్సయ్యకు ఇంకేమీ అక్కర్లేదు.

వారం తిరక్కుండానే రెండు గుడ్లు కనిపించాయి. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికైనా చెప్పాడా? ఛ! కేబిన్ గోడమీద రోజుకో బొగ్గు గీత గీశాడు.

"నువ్వు బిల్డింగుకు కావలా, పిట్టకా?" అని బోరబండ ఇంట్లో భార్య కొమురమ్మ ఆటపట్టించేది.

పదకొండో గీతనాడు రామచంద్రం కంచె దగ్గరికొచ్చాడు. "ఏంది అన్నా, గంతగనం సూస్తున్నవ్?"

"నీకెందుకురా? నీ గేటు నువ్వు జూస్కో పో!"

వీడు పసిగట్టాడు. రేపు సారుకు తనే చూశానంటాడు, దొంగముండాకొడుకు! నర్సయ్య ఒళ్లు మండిపోయింది. సైటులో ముగ్గు గీతను ఎవరూ తొక్కరు. తట్టెడు సున్నం తెచ్చి గుడ్ల చుట్టూ నలుచదరంగా పోశాడు. తెల్లారి నిశ్చింతగా ఇంటికెళ్లి పడుకున్నాడు.

సాయంత్రం వచ్చేసరికి అక్కడ నడుములోతు గుంత.

"పిల్లర్‌కు ముగ్గు పోసుండె గదా, తవ్వినం," అన్నాడు మేస్త్రీ.

నర్సయ్య ఆ గుంత ఒడ్డునే కూలబడ్డాడు. అంతలో రామచంద్రం విశ్వేశ్వరరావుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"గుడ్లు ముందుగాల సూసింది అన్ననే సార్. పిట్ట బెదురుతదని నేను అటు పోలే," అన్నాడు రామచంద్రం.

విశ్వేశ్వరరావుగారు పుస్తకం తెరిచి చూపించారు. సంతకం తప్ప ఇంకేమీ రాని నర్సయ్య, పేజీ పైనున్న ఆ ఒక్క మాటా చదవగలిగాడు. అది తన పేరే. దాని కింద ఖాళీ.

"ఎన్ని రోజులండీ, నర్సయ్యగారూ?"

ఏదో ఒక అంకె చెప్పేస్తే సరిపోయేది. నర్సయ్య రామచంద్రం మొహంలోకి చూడలేకపోయాడు.

"పదకొండు దినాలే జూసిన సార్. ఇయ్యాల గుడ్లు తవ్వకంల పోయినయ్. ముగ్గు పోసింది నేనే," అన్నాడు. "నా పేరు కొట్టేయుండ్రి."