నాగమణి చెప్పిన మూగ సినిమా

2022లో నేను మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఒక రీహాబ్ సెంటర్‌లో స్పీచ్ థెరపిస్టుగా ఉన్నాను. పక్షవాతంతో మాట పోయినవారికి మళ్ళీ మాట్లాడడం నేర్పడం నా పని. నాగమణి మా దగ్గరికి వచ్చింది ఆ ఏడాదే.

ఆమెది గోదావరి జిల్లా. సీబ్‌లో ఒక ఒమానీ కుటుంబానికి ఏళ్ళ తరబడి వంట చేసింది. స్ట్రోక్ వచ్చాక చెయ్యి కోలుకుంది గానీ మాట రాలేదు. దీన్ని అఫేజియా అంటాం. ఆమెకు వచ్చిన రకంలో ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్న మాట నోటికి అందదు. ఏమడిగినా "అది... అది..." అని ఆగిపోయేది. బొమ్మల కార్డులు చూపిస్తే మొహం తిప్పేసుకునేది.

ఇంటి యజమానురాలే ఆమెను కారులో తీసుకొచ్చేది. ఒకరోజు నాతో హిందీలో అంది: "డాక్టర్, వీసా రెన్యూవల్ దగ్గరపడింది. మాట రాకపోతే ఊరికి పంపేద్దామంటున్నారు మావారు. నాకు మనసొప్పడం లేదు."

పక్కనే ఉన్న నాగమణి విని, వద్దు వద్దన్నట్టు తల ఊపింది. తమ్ముడి కూతురు నర్సింగ్ చదువుతున్నది ఆమె జీతం మీదే.

మాటలున్న వీడియోలు పెట్టి చూశాను, వాటి వేగం ఆమెకు అందడం లేదు. అసలు ఎవరూ మాట్లాడని సినిమా పెడితే? నూరేళ్ళ నాటి హాలీవుడ్ మూగ హాస్య చిత్రం ఒకటి ట్యాబ్‌లో పెట్టాను. అందులో వంటవాడి చెయ్యి పిండి గిన్నెలో ఇరుక్కోగానే నాగమణి పకపకా నవ్వింది. తర్వాత అతను పెద్ద కేకు మోసుకుంటూ మెట్లు దిగుతున్నాడు. కింది మెట్టు మీద కుక్క పడుకుని ఉంది. అక్కడ ఆపేసి, ఏమీ అడగకుండా కూర్చున్నాను.

ఆమె పెదవులు కదిలాయి. "ప... ప... పడతాడు!"

వీడియో నడిపించాను. పడ్డాడు!

"పడ్డాడు! పడ్డాడండీ!" అని బల్ల మీద చరిచింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి అఫేజియాలో పడడం, రావడం లాంటి క్రియలు నోటికి రావడమే కష్టం. మూగ సినిమా నిండా ఉండేవి ఆ పనులే.

తర్వాత విషాద చిత్రాలూ పెట్టాను. ఒకదాంట్లో, రేవులో ఓడ ఖాళీ అయిపోతున్నా భర్త దిగక, భార్య ఏడుస్తోంది. "ఆగండి, వత్తాడు. వత్తాడండీ," అని నాగమణి నన్నే ఓదార్చింది.

వారాలు గడిచేకొద్దీ ఆమె మాటలు చిన్న చిన్న వాక్యాలయ్యాయి. రెన్యూవల్ ముందు యజమాని స్వయంగా వచ్చాడు. ఆమె అప్పటిదాకా చూడని సినిమా పెట్టాను. తనకొచ్చిన వంటింటి అరబ్బీలో, తడబడుతూనే, కథంతా ఆయనకు చెప్పింది. అల్లరి ఘట్టాల్లో ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. చివర్లో ఆయనవైపు తిరిగి, "బాబా, ఊరికి పంపొద్దు. పని చేస్తాను," అంది.

"ఖలాస్," అన్నాడాయన, ఇక మాట్లాడేదేముందన్నట్టు. "రేపే కాగితాలు పెడతాను."

యజమానురాలు నాగమణిని గట్టిగా కౌగిలించుకుంది.

సెలవు దొరికితే నాగమణి ఇప్పటికీ మా సెంటర్‌కు వస్తుంది. మొన్న ఒక కొత్త పేషెంటుకు సినిమా పెట్టి మధ్యలో ఆపి, ఆయన తడుముకుంటుంటే ఉండబట్టలేక మాట అందించబోయాను. నాగమణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి మేడమ్ గారండీ. ఆయనే చెబుతారు."

కాసేపటికి ఆయనే చెప్పారు.