సగంలో ఆగిన మల్లన్న లగ్గం

సిద్దిపేటలో ఒకప్పుడు హెవీ మెటల్ బ్యాండ్ ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నా దుకాణానికి డీజే బాక్సులు కిరాయికి తీసుకోవడానికి వచ్చే పిల్లలకు చెప్తే "ఊకో అన్నా, గప్పుడు గవన్నీ యాడియి?" అని నవ్వుతారు. వాళ్ల నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా వాళ్లననేం లాభం? అద్దంలో నా బట్టతల చూసుకుంటే నాకే నమ్మకం కుదరదు.

మేం ముగ్గురం. గిటారు నాది. డ్రమ్స్ మా మేనబావవి. అతనిప్పుడు గజ్వేల్‌లో సిమెంటు దుకాణం పెట్టుకున్నాడు, ఆ రోజుల ఊసెత్తితే మాట మారుస్తాడు. పాట మాత్రం రాయపోల్ నుంచి వచ్చే నా దోస్తుది. వాళ్లది ఒగ్గుకథ చెప్పే ఇల్లు. తండ్రి మల్లన్న కథ చెప్తుంటే వెనక నిలబడి డోలు కొట్టి, వంత పాడి పెరిగాడు. హైదరాబాద్ నుంచి నేను తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్టు ఒకటి అతనికి వినిపించాను. పాడేవాడు బొంగురు గొంతుతో గర్జించే చోట టేప్‌రికార్డర్‌కు చెవి ఆనించి విన్నాడు.

"గిదేందిరా, మా బాపు దేవుణ్ని పిలిచినట్టే పిలుస్తుండు!" అన్నాడు.

మా బ్యాండు అక్కడే పుట్టింది.

ఆ గొంతు గురించి ఎలా చెప్పను? పక్కింటివాళ్లతో ముచ్చట పెట్టినట్టు సన్నగా మొదలయ్యేది. మల్లన్నకు కోపం వచ్చే ఘట్టానికి కడుపులోంచి లేచేది. నంగునూరు దగ్గర ఒక జాతరలో వాయిస్తుంటే ముందు కూర్చున్న ఆడవాళ్లకు పూనకం వచ్చింది. ఒకామె లేచి వచ్చి నా గిటారు మీద గుప్పెడు బండారి, అంటే మల్లన్న పసుపు, చల్లి దండం పెట్టింది. మేం వాయించేదాన్ని మెటల్ అంటారని అక్కడ ఎవరికీ తెలియదు. తెలియకపోతేనేం, మమ్మల్ని అంత బాగా విన్నవాళ్లు మళ్లీ దొరకలేదు.

ఆ ఊపులో హైదరాబాద్‌లో బ్యాండ్ల పోటీకి పోయాం. ఒక్కో బ్యాండుకు ఒక్క పాట అన్నారు. సరేనని తలూపిన నా దోస్తు, స్టేజీ ఎక్కగానే మల్లన్న పుట్టుక నుంచి ఎత్తుకున్నాడు. కథ ఎత్తుకున్నవాడు దేవుని లగ్గం చేసేదాకా దిగకూడదని వాళ్లింటి కట్టుబాటు. టైమైపోయిందని కింద నుంచి చేతులూపారు. అతను కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. చివరికి కరెంటు తీసేశారు. నా గిటారు మూగబోయింది. అతను మైకు కింద పెట్టి ఒట్టి గొంతుతో ఇంకాసేపు పాడాడు. ఎవరో వచ్చి రెక్క పట్టుకుని దింపేశారు. అప్పటికి కథలో పెళ్లికొడుకు ఇంకా పెళ్లికూతురి ఊరే చేరలేదు.

తిరుగు బస్సులో మేనబావ తిట్టిపోశాడు. "ఒక్క పాట పాడుమంటే పురాణమంత ఎత్తుకుంటివి!"

"దేవుని లగ్గం కాకముందు ఎవలన్న దిగుతరానే?" అన్నాడు అతను.

ఆ తర్వాత మేం కలిసి వాయించలేదు. ఒక్క పాట కూడా రికార్డు కాలేదు. అతను తండ్రి మేళంలోకి పోయి ఎన్నో ఊళ్లలో మల్లన్న లగ్గం చేశాడు. కానీ ఎవరితో ఎత్తుకున్న కథ వాళ్లతోనే దించాలని అతని పట్టు. కనబడినప్పుడల్లా "మనది సగంలనే ఉన్నదిరా" అనేవాడు. "చేద్దాం తియ్" అనేవాణ్ని. అలా అనడం నాకిష్టం. ఎప్పుడో ఒకనాడు ఆ గొంతు పక్కన మళ్లీ నిలబడతానన్న ఆశతోనే దుకాణంలో బాక్సులు మోశాను.

పోయినేడు అతని గొంతులో క్యాన్సర్ బయటపడింది. దవాఖానలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. మాట పోయింది. మొన్న అతని భార్య ఫోన్ చేసింది.

"అన్నా, మీ కథ సగంల ఉన్నదని ఒక్కటే పాణం తీస్తుండు. మీ బావను తోలుకొని ఒక్కపారి రాండ్రి."

పాడే మనిషికి గొంతు లేకుండా ఏం వాయిస్తామని చిరాకుపడ్డాను. అయినా గిటారు, డ్రమ్స్ వేసుకుని రాయపోల్‌లో వాళ్లింటికి పోయాం. బావ సిమెంటు దుమ్ము చొక్కాతోనే వచ్చాడు.

కరెంటు తీసేసిన చోటు నుంచి ఎత్తుకున్నాం. దోస్తు డోలు కొట్టాడు. అతను పాడాల్సిన చోటల్లా మేం వాయించడం ఆపాం. అక్కడ అతని పెదవులు కదిలేవి, మెడ నరాలు ఉబ్బేవి, గాలి చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు. ప్రతి మాటా నాకు తెలుసు. ఏ మాట దగ్గర ఆ గొంతు లేచేదో తెలుసు. చెవులు రిక్కించాను. ఒక్కసారి వినబడితే చాలనుకున్నాను. వినబడలేదు. ఏడ్చేశాను. బావ నా వైపు చూడకుండా డ్రమ్స్ కొడుతూ పోయాడు.

లగ్గం అయింది. అతని భార్య మా మీద తలంబ్రాలు చల్లింది. అతను డోలును కళ్లకద్దుకుని పక్కన పెట్టాడు. బిడ్డ పెళ్లి చేసిన తండ్రిలా ముఖం తేటపడింది.

"మళ్లొకసారి, మొదటి సంది ఎత్తుకుందామారా?" అన్నాను.

నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. పెదవులు కదిపాడు. భార్య చూసి చెప్పింది.

"అయిపోయిందంటుండు అన్నా. ఇగ మీరు పైలంగ పోయి రాండ్రి అంటుండు."

గిటారు సంచిలో పెట్టుకున్నాను. అతని మనసు నిండింది. "చేద్దాం తియ్" అనడానికి నాకే ఇక ఏమీ మిగల్లేదు.