బోణీ కాని జీను గుడ్డ

ఆ తాను రంగు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. నీలం అంటే మామూలు నీలం కాదు, నీళ్ళలో కలపకముందు నీలిమందు ఎలా ఉంటుందో ఆ రంగు. పట్టుకుంటే అట్టలా బిరుసు. దాన్ని జీను గుడ్డ అనేవాళ్ళు. బెజవాడ టోకు కొట్లో దాన్ని చూశాక నాకు ఇంకే గుడ్డా కంటికి ఆనలేదు.

"ఇది మన ఊళ్ళో ఎవడు వేసుకుంటాడ్రా?" అన్నాడు నాన్న.

"అందరూ వేసుకుంటారు," అన్నాను. నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ వయసులో అందరూ అంటే నేనే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలు. తిరువూరు బజారులో మాకు బట్టల కొట్టు ఉండేది. స్కూలు ఫైనలు అయ్యాక నన్ను అందులో కూర్చోబెట్టారు. మా కొట్లో కూర్చోవడం అంటే నిజంగా కూర్చోవడమే. తెల్ల దుప్పటి వేసిన పరుపు మీద, గజం బద్ద పక్కన పెట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాసింపట్టు. పొద్దున్నే బెజవాడ బస్సు హారను కొట్టిందంటే నా అరికాళ్ళు దురద పెట్టేవి. ఎవరెవరో ఎక్కి వెళుతున్నారు, నేను మాత్రం ఎవరి తువ్వాలుకో అంచు కొలుస్తున్నాను. ఒళ్ళు మండేది. కాలుగాలిన పిల్లిలా బజారు చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. నెలకొకసారి సరుకు కొనడానికి నాన్న నన్ను బెజవాడ తీసుకెళ్ళేవాడు. ఆ ఒక్క రోజు కోసం మిగతా నెలంతా ఓర్చుకునేవాణ్ణి. ఆ నెల మొదటిసారిగా, ఒక తాను నన్నే ఎంచమన్నాడు. నేను ఎంచింది ఈ జీను.

మా కొట్లో ఒక నియమం ఉండేది. కొత్తగా వచ్చిన ఏ తానులోనైనా మొదటి కత్తెర బేరానికే పడాలి. ఇంట్లో వాళ్ళకు ఎంత నచ్చినా సరే, ముందు బయటివాళ్ళెవరో కొని బోణీ చెయ్యాలి, ఆ తర్వాతే మనం కోసుకోవాలి. ఒక రవికల గుడ్డ కోసం మా అమ్మ నెల రోజులు ఆగడం నేను చూశాను. రోజూ అన్నం వడ్డిస్తూ, "ఆ చుక్కల తాను బోణీ అయిందా?" అని అడిగేది. ఆవిడ ఓపిక నాకు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం నాన్న భోజనం చేసి ఇంట్లో నడుం వాల్చిన సమయంలో, నా ప్యాంటుకి కావలసినంత కొలిచి కోసేశాను.

మా కొట్టు అరుగు మీదే సాయిబుగారు కుట్టుమిషను పెట్టుకుని ఉండేవాడు. మా గుడ్డలన్నీ ఆయనే కుట్టేవాడు. నేనిచ్చిన గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"తడిపారా బాబూ?"

"తర్వాత తడుపుకుంటాను. ముందు కుట్టండి."

"ఇది ముడుచుకుపోయే రకం. ఒక రాత్రి నానేసి ఆరబెట్టి ఇవ్వండి, ఎల్లుండికి కుట్టిస్తా."

"ఎల్లుండి దాకా ఎవరాగుతారండీ?" అన్నాను.

ఆయన రెండు సూదులు విరగ్గొట్టుకుని మర్నాటికి కుట్టి ఇచ్చాడు. అమ్మ నడుం పట్టీ మూలన పసుపు బొట్టు పెట్టింది. ఆ ముదురు నీలంలో పసుపు కనపడనే లేదు. తెల్ల పాప్లిన్ చొక్కా దోపుకుని కొట్టుకి వెళ్ళాను. నాన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూపు కాళ్ళ దగ్గర ఆగింది.

"కత్తెర ఎప్పుడు పెట్టావు?"

"నిన్న మధ్యాహ్నం."

"బోణీ అయిందా?"

నేను తాను వైపు చూశాను. నాన్న గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే నాకు భయం. "సరే. ఈ తానులో ఆఖరి గజం అమ్ముడు పోయిందాకా నువ్వు బెజవాడ బస్సెక్కడానికి లేదు. సరుకు నేనొక్కణ్ణే తెచ్చుకుంటా," అన్నాడు.

ఇక నాకు కాలు నిలవడం మరీ కష్టమైపోయింది. తాను మొత్తం అలాగే ఉంది. ప్యాంట్లు తొడిగేవాళ్ళు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఆఫీసర్లు, హైస్కూలు సైన్సు మేస్టారు, అంతే. వాళ్ళందరూ పల్చటి తెలుపూ బూడిదరంగూ తప్ప వేసుకోరు. ఈ గుడ్డ అందం జనానికి కనపడాలంటే నేనే వేసుకు తిరగాలనుకున్నాను. ఏ చొక్కా మీదకి ఇది నప్పుతుందో చూపిస్తే చాలు, తాను వారం రోజుల్లో అయిపోతుందని నా లెక్క.

పాప్లిన్ చొక్కాతో బజారులో పది అడుగులు వేశానో లేదో, బియ్యం కొట్టాయన పలకరించాడు. "ఏం అబ్బాయ్, ఏ మిల్లులో ఇంజనుకి కుదిరావు?" ఆ రోజుల్లో ముదురు నీలం బట్టలు వేసేది మిల్లులో ఇంజను దగ్గర పనిచేసేవాళ్ళే. మర్నాడు ఖద్దరు లాల్చీ వేశాను. లాల్చీ మోకాళ్ళ దాకా ఉంది, దాని కింద ఈ రెండు నీలం గొట్టాలు. అమ్మ పప్పు రుబ్బుతున్నదల్లా ఆగి, "పైన పెళ్ళి, కింద మిల్లు," అని నవ్వింది. ఆ తర్వాత గళ్ళ చొక్కా. గళ్ళు బాగానే ఉన్నాయి గానీ నడుముకి బెల్టు లేదు. బెల్టు దూర్చుకునే పట్టీలు మాత్రం సాయిబుగారితో పట్టుబట్టి కుట్టించుకున్నాను. అవి ఖాళీగా వేలాడుతుంటే నాకే వెలితిగా ఉండేది. చొక్కా బయటికి వదిలాను. మళ్ళీ దోపాను. కొట్టు అద్దం ముందు నిలబడి దోపడం, తియ్యడం, చేతులు మడవడం, విప్పడం. నాన్న పద్దు పుస్తకం లోంచి తల ఎత్తకుండానే, "ఆ అద్దం గిరాకీల కోసం పెట్టింది," అన్నాడు.

రెడ్డిగూడెంలో చుట్టాల పెళ్ళి వచ్చింది. మా బావ పట్టుచొక్కా అడిగి తెచ్చుకున్నాను. మీగడ రంగు పట్టు, కింద నీలం జీను. నిజం చెప్పాలంటే ఆ రోజు బాగానే ఉన్నాను. పందిట్లో నలుగురు కుర్రాళ్ళు గుడ్డ పట్టుకు చూశారు కూడా. ఒకడు, "ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. మా కొట్టు పేరు చెప్పబోతుంటే భోజనాలకు పిలిచారు.

బంతిలో కూర్చోవాలి. అందరూ మఠం వేసి కూర్చున్నారు. నేను కూర్చోలేకపోయాను. ఆ బిరుసు గుడ్డ మోకాళ్ళ దగ్గర మడత పడనంటుంది. ఒక కాలు మడిస్తే రెండోది చాచుకుపోతోంది. చివరికి మోకాళ్ళు రెండూ గడ్డం దాకా పెట్టుకుని, విస్తరికి ఆమడ దూరాన కూర్చున్నాను. వడ్డించే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పులుసు కలిపిన ముద్ద విస్తరి నుంచి నోటికి వచ్చేలోగా సగం ప్యాంటు మీద పడింది. ఎదురు బంతిలో నాన్న. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, తల వంచుకుని అన్నం తిన్నాడు. గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగినవాడు మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

పులుసు మరకలు పోవాలని ప్యాంటు చాకలికి వేశాం. ఉడకబెట్టి ఉతికి తెచ్చిచ్చాడు. తొడుక్కుంటే చీలమండలు బయటికొచ్చాయి. బెత్తెడు ముడుచుకుపోయింది. దాన్ని చంకలో పెట్టుకుని అరుగు మీదికి పరుగెత్తాను. సాయిబుగారు ప్యాంటు కాళ్ళ అంచులు విప్పాడు. లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడత పెట్టి ఉంచాడు.

"మీరు తడపరని తెలుసు బాబూ. అందుకే వదిలాను," అన్నాడు.

మడత విప్పిన చోట గుడ్డ ఇంకా కొత్త నీలమే. మిగతా ప్యాంటు వెలిసింది. కాళ్ళ చుట్టూ ముదురు కడియాలు వేసినట్టు ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా దాన్నే వేసుకున్నాను. విప్పేస్తే ఓడిపోయినట్టే కదా.

నెలలు గడిచాయి. నాన్న ఒంటరిగా బెజవాడ వెళ్ళొచ్చాడు, మళ్ళీ వెళ్ళొచ్చాడు. ఆయన బస్సెక్కిన రోజుల్లో నాకు ఎవరితో మాట్లాడినా విసుగే. పత్తి తీతల రోజుల్లో పెనుగొలనులో ఒక రైతింటికి బట్టల మూట ఇచ్చి సైకిలు మీద తిరిగి వస్తున్నాను. ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు తొక్కుతున్నాను. కంకర మీద చక్రం జారింది. సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు. మోకాలి మీద దొర్లి పడ్డాను.

పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరి నడుములకీ కొంగుతో కట్టిన ఒడులు, నిండా పత్తి. ఒకావిడ నా మోకాలి దగ్గర గొంతుక్కూర్చుని ప్యాంటు కాలు పైకి లాగింది. మోకాలి చిప్ప చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. ఆవిడ దాని మీద ఆకు పసరు పిండి, ప్యాంటు కాలు కిందికి దించింది. దించి, లేవకుండా అక్కడే ఉండిపోయింది. మోకాలి దగ్గర గుడ్డను రెండు చేతుల్తో పట్టి గుంజింది. గోటితో గీరింది. వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏం గుడ్డ బాబూ ఇది? మోకాలు పగిలింది గానీ ఇది పోగు కూడా లేవలా!"

నాకు మోకాలు సలుపుతోంది. జీను అని ముక్తసరిగా చెప్పి, సైకిలు నడిపించుకుంటూ వచ్చేశాను.

వారం తిరక్కుండా ఆవిడ మా కొట్టు ముందు నిలబడింది. వెంట ఇంకో ఇద్దరు. వెలిసిన ఎర్రచీర, మోచేతుల దాకా పత్తికాయ మొనల గీతలు. "ఆ నీలం గుడ్డ ఒడికి గజమున్నర కొయ్యి బాబూ. చీర కొంగులన్నీ ఆ మొనలకి జల్లెళ్ళయిపోతున్నాయి," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. బెజవాడలో ఆ గుడ్డ చూసి నేనేమేం అనుకున్నాను! "ఇది ప్యాంటు గుడ్డమ్మా. ఒడికి కాదు. ముతక గుడ్డ చూపిస్తాను," అన్నాను విసురుగా.

"మీరు కాళ్ళకి తొడుక్కుంటే లేంది, మేం నడుముకి కట్టుకోకూడదా?"

నాన్న వైపు చూశాను. ఆయన గల్లా పెట్టె మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నాడు. ఆయన ఒక్క మాట అంటే కోసేవాణ్ణి. అనలేదు. కొయ్యాలా, పంపేయాలా, నిర్ణయం నాదే. పంపేస్తే ఆ తాను అక్కడే పడి ఉంటుంది, నేనూ ఇక్కడే పడి ఉంటాను. ఆవిడ ఊరికే నిలబడలేదు, తాను మడత విప్పి గోటితో గీరి చూసుకుంటోంది. నేను ఆ గుడ్డ పక్కన ఎన్ని చొక్కాలో పెట్టి చూశాను. ఒక్కసారి కూడా దాన్ని అలా గీరి చూడలేదు.

గజం బద్ద అందుకున్నాను. కొలిచి, నాలుగు వేళ్ళు ఎక్కువ వేసి కోశాను. "తడిపి కుట్టించుకో అమ్మా, ముడుచుకుపోతుంది," అన్నాను.

"తడపకుండా ఎవరు కుట్టించుకుంటారు బాబూ?" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆవిడ చూపు నా ప్యాంటు అంచుల్లో ముదురు కడియాల మీద పడింది. అరుగు మీద మిషను చప్పుడు ఆగింది. సాయిబుగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

నాన్న ఆ బోణీ డబ్బు కళ్ళకద్దుకుని పెట్టెలో వేశాడు. పత్తి తీతలు అయ్యేలోగా తాను అయిపోయింది. ఆఖరి గజం ఒక ముసలావిడ పట్టుకెళ్ళిన సాయంత్రం, నాన్న నా వైపు చూడకుండా పద్దు రాసుకుంటూ అన్నాడు. "రేపు బస్సుకి వెళ్ళు. నేను రాను. ఏం కావాలో నువ్వే ఎంచుకురా." పద్దు పుస్తకం మూసి, "నీ చెయ్యి మంచిదేరా. కాళ్ళే నిలవవు," అన్నాడు.

మర్నాడు పొద్దున ప్యాంటు తొడుక్కున్నాను. చేతికి దొరికిన చొక్కా వేసుకున్నాను, ఏదో గుర్తు లేదు. బస్సు ఊరు దాటింది. కిటికీ పక్కన సీటు. ఇన్ని నెలలు ఎదురు చూసిన రోజు ఇదే, అయినా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఒక మలుపులో పత్తి చేను వచ్చింది. ఆఖరి తీత కాబోలు, వరసగా ఆడవాళ్ళు వంగి ఉన్నారు. ముగ్గురి నడుములకి నా జీను. ఒకావిడది వెలిసిన ఎర్రచీర. ఆ ఎరుపు మీద ఆ నీలం, ఒడి నిండా పొంగుతున్న తెల్లటి పత్తి. లేచి నిలబడి, చేను కనపడకుండా పోయేదాకా చూశాను. ఆ గుడ్డ మీదికి ఏది నప్పుతుందో అప్పుడు తెలిసింది. నా దగ్గరున్న ఏ చొక్కా కాదు.

టోకు కొట్లో గుమాస్తా నా ప్యాంటు చూసి మురిసిపోయాడు. "మీ ఊళ్ళో ప్యాంట్లు బాగా వేస్తున్నారన్నమాట. ఎన్ని తాన్లు తియ్యమంటారు?"

ఏడాది కిందటైతే ఆ మాటకి నేను పొంగిపోయేవాణ్ణి.

"ప్యాంట్లకు కాదండీ. పత్తి తీసేవాళ్ళ ఒడులకి," అన్నాను. తాను దగ్గరికి లాక్కుని, మూల పట్టి గుంజి, గోటితో గీరి చూశాను.