పడుగు పడేసింది ఎస్తేరు కాదు

ఇరవై ఏళ్ళు దాటింది. ఒక ఆడమనిషి పేరు చెడగొట్టి, ఆ చెడ్డ పేరు మీదే నా మంచి పేరు నిలబెట్టుకుని బతికాను. తిండి సహించలేదనీ నిద్ర పట్టలేదనీ రాయను, అది అబద్ధం. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. కానీ ఎవరైనా నన్ను పొగిడినప్పుడల్లా లోపల ఒక మనిషి తల తిప్పి నావైపు చూసేది. ఊరికే చూసేది. ఆ మనిషి ఎస్తేరు.

ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ ముందు నేను మాట తిప్పేస్తాను, అందులో నాకు బాగా చెయ్యి తిరిగింది. అక్షరాలు మాత్రం అరవై దగ్గర పడ్డాక వచ్చాయి. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది తమిళం, నాకు రెండూ రాయడం రాదు. పక్కింటి టీచరమ్మ ఉద్యోగం నుంచి రిటైరై ఊరికే కూర్చోలేక తెలుగు నేర్పుతానంటే, పిల్లలు పారిపోయారు, నేను కూర్చున్నాను. అప్పుడు ఒకటి తెలిసింది. నోటితో చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి, చేతులు తిప్పి, ఎంత తప్పునైనా చిన్నది చేసేయవచ్చు. కాగితం దగ్గర ఆ పప్పులు ఉడకవు.

మాది తిరుత్తణి పక్కన నేత ఊరు. నూలు తెచ్చుకోవాలన్నా, నేసిన చీరలు టౌనులో ఇచ్చి రావాలన్నా మగవాళ్ళకు తీరిక దొరికేదాకా గడపలో నిలబడి ఎదురు చూడాలి. నాకు విసుగు పుట్టి నలభై దాటాక సైకిల్ నేర్చుకున్నాను. మోకాళ్ళు చీరుకుపోయాయి, అయినా వదల్లేదు. తరువాత మా మహిళా సంఘంలో ఆడవాళ్ళకు నేనే నేర్పాను. సంఘానికి నాయకురాలిని నేనే. మేము సైకిళ్ళు తోసుకుంటూ పోతుంటే టీ అంగడి దగ్గర ఒకాయన రోజూ అనేవాడు.

"ఏమక్కా, కొంగు చైన్లో పడితే కట్టుకునేదానికి ఇంకో చీర ఉండాదా?"

"నేనైతే నేసుకుంటాలే తమ్ముడా. నీ లుంగీ పడకుండా చూసుకో, నీకు నేసిచ్చేవాళ్ళు లేరు."

అలా ఉండేదాన్ని. ఇప్పుడూ అంతే.

చివరగా నేర్చుకున్నది ఎస్తేరు. ఊరి బయట ఎస్సీ కాలనీ పిల్ల, చర్చికి పోయే ఇల్లు. మెయిన్ రోడ్డు మీద వచ్చే కంపెనీ వ్యానెక్కి పనికి పోయేది. కాలనీ నుంచి ఆ రోడ్డుకు పొద్దున్నే చాలా దూరం నడవాలి, వ్యాను తప్పితే ఆ రోజు పని లేదు. అందుకని జీతంలో మిగిల్చి పాత లేడీస్ సైకిల్ కొనుక్కుని నా దగ్గరికి వచ్చింది. అందరికంటే తొందరగా నేర్చుకుంది. ఎందుకంటే నేను చెప్పింది చెప్పినట్టు చేసేది.

ఆ ఏడు పంగుని నెలలో, ఉగాది రోజుల్లో, ఒక ఆదివారం అందరం కలిసి కే.జీ.కండిగై సంతకు సైకిళ్ళ మీద పోదామన్నాను. కొనేదేమీ లేదు. ఆడవాళ్ళం గుంపుగా అంత దూరం తొక్కి వచ్చామని నలుగురూ చూడాలి, అంతే. తెల్లవారగానే బయలుదేరాం. దారి పొడుగునా కానుగ చెట్ల కింద పూలు రాలి నేల కనిపించడం లేదు, చక్రాల కింద అవి మెత్తగా నలుగుతున్నాయి. వేప పూత వాసన. ఒకపక్క వేరుశనగ పీకుతున్నారు, ఒకపక్క పచ్చటి వరి. చేలల్లో కూలివాళ్ళు నడుములెత్తి మమ్మల్ని చూశారు. ఎవరో ఈల కూడా వేశారు. మాలో ఒకామె పాట ఎత్తుకుంటే ఎదురుగాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి, మిగతా సగానికే అందరం నవ్వాం. అంత సంతోషంగా నేను ఎప్పుడైనా ఉన్నానా? లేనేమో.

దారిలో ఒక నేత ఊరు తగులుతుంది. ఆ వేళకు వీధుల్లో పడుగులు పరుస్తారు. పడుగంటే చీరకు నిలువున పోయే నూలు. చాలా చీరలకు సరిపడే పొడవున వీధి ఆ కొస నుంచి ఈ కొసకు లాగి కట్టి, మధ్య మధ్యలో జత కర్రలు నిలబెట్టి, గంజి పట్టించి ఆరబెడతారు. అది తడిగా ఉండగా నేలను తాకిందా, మట్టి అంటుతుంది, పోగుకు పోగు అతుక్కుంటుంది, ఒక ఇంటి నెలల కష్టం పోతుంది. పడుగు ఉన్న వీధిలోకి బండి తొక్కుకుంటూ ఎవరూ రారు. దిగి, గోడ వారగా నడుస్తారు. మా ఇళ్ళలో మాటలు సరిగ్గా రాని పిల్లలకు కూడా ఇది తెలుసు. పొద్దున బయలుదేరేటప్పుడు నేనే అందరికీ చెప్పాను, పడుగు కనిపిస్తే దిగాలని.

నేను దిగలేదు.

ఎందుకు దిగలేదు? ఇన్నేళ్ళూ ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. బ్రేకు సరిగ్గా లేదనుకున్నాను. వీధి వెడల్పుగా ఉందనుకున్నాను. నిజం ఇది. అరుగుల మీద నాలాంటి నేతవాళ్ళు కూర్చుని ఉంటారు, పడుగు పక్కనే ఒక ఆడది చెయ్యి వణక్కుండా తొక్కుకుంటూ పోవడం వాళ్ళు చూడాలి. తెలియనివాళ్ళ ముందు గొప్ప చూపిస్తే ఏం లాభం, దాని కష్టం తెలిసినవాళ్ళ ముందే చూపించాలి అనిపించింది. బెల్లు కూడా కొట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా కొట్టాను.

చూసేందుకు అక్కడ ఎవరూ లేరు. ఒక విడత గంజి పట్టించి, ఆరేలోపల కాఫీ తాగడానికి అందరూ ఇళ్ళలోకి పోయారు. మా వాళ్ళు వీధి మొదట్లో బోరింగు దగ్గర నీళ్ళు తాగుతున్నారు. నా వెనక వస్తున్నది ఎస్తేరు ఒక్కతే. చెప్పినట్టే సైకిల్ దిగి, గోడ వారగా నడిపించుకుంటూ వస్తోంది.

నా హ్యాండిల్ ఒక కర్రకు తగిలింది. నేను తూలి, కాలు ఆన్చి, కొంచెం ముందుకు పోయి ఆగాను. వెనక్కి తిరిగేసరికి ఆ కర్ర పక్క కర్రను లాగి, అది ఇంకోదాన్ని లాగి, పడుగు కిందికి దిగిపోతోంది. ఎస్తేరు తన సైకిల్‌ను అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చి, పడుతున్న పడుగును రెండు చేతుల మీదికి ఎత్తుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. కొంత నేలకు తగిలింది, మిగతాదంతా ఆమె చేతుల మీదే నిలిచింది. ఆమె సైకిల్ మాత్రం కర్రల మధ్య పడి ఉంది.

జనం బయటికి వచ్చి చూసింది అదీ. పడిన కర్రలు, వాటి నడుమ ఎస్తేరు సైకిల్, పడుగు పట్టుకుని ఎస్తేరు. నేను దూరంగా, స్టాండు వేసిన సైకిల్ పక్కన.

పడుగు తాలూకు పెద్దాయన కేక పెట్టాడు. "ఎవురే నువ్వు? నిన్నెవురు దాన్ని ముట్టుకోమనింది?" బోరింగు దగ్గర నుంచి వచ్చిన మా వాళ్ళలో ఎవరో చెవిలో చెప్పడంతో ఆమె ఏ ఇంటి పిల్లో అక్కడివాళ్ళకు తెలిసిపోయింది. తరువాత ఆయన నన్ను చూశాడు. మా నాన్నను ఎరిగినవాడు. "నేతోళ్ళ బిడ్డవి గదమ్మా, నువ్వైనా చెప్పేది లేదా దీనికి?"

అప్పుడు నేను అన్న మాట ఇది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"కొత్తగా నేర్చుకునింది మామా. తెలీక చేసేసింది, పావం. మనసులో పెట్టుకోవద్దండి."

చూశావా? నింద వేశాను, అదీ బతిమిలాడుతున్నట్టు వేశాను. అబద్ధం కడుపులోంచి వచ్చేటప్పుడే జాలి కట్టుకుని వచ్చింది. వీధిలో అందరూ నన్ను మెచ్చుకున్నారు, ఎంత మంచి మనసమ్మా నీదని. నేను కూర్చుని, వాళ్ళతో పాటు తెగిన పోగులన్నీ అతికాను. మధ్యాహ్నమైంది, మజ్జిగ తెచ్చిచ్చారు. ఎస్తేరును దగ్గరికి రానివ్వలేదు. వీధి చివర ఎండలో సైకిల్ పట్టుకుని నిలబడింది. ఆమెకు మజ్జిగ ఇచ్చారా? నేను చూడలేదు. చూడాలనుకోలేదు.

సంతకు పోకుండానే తిరిగొచ్చేశాం. దారిలో ఆమె నా పక్కకు వచ్చి తొక్కింది.

"అక్కా, నేను దిగి నడస్తా ఉంటి. నీకు తెలుసు గదా."

"తెలుసు. ఊరికే ఉండు. నా మీద పడితే రేపట్నుంచి ఏ మొగుడూ పెళ్ళాన్ని సైకిల్ ఎక్కనీడు. సంఘమే పోతాది. నీ మీదైతే ఒక మాటతో పోతాది."

"ఒక మాటేనా అక్కా?"

నేను ముందుకు చూస్తూ తొక్కాను. ఆమె వెనక్కి తగ్గింది. ఊరు వచ్చేదాకా నా వెనక ఆమె చైను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఒక మాటతో పోలేదు. ఎవరైనా సైకిల్ మీద నుంచి పడితే "ఎస్తేరు తొక్కుడు" అన్నారు. బిందె జారి పగిలితే "ఎస్తేరు మాదిరి పడేసినావే" అన్నారు. ఆమె సైకిల్ మీద పోతుంటే పిల్లలు "పడుగొచ్చె, పడుగొచ్చె" అని వెంటపడ్డారు. ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? సైకిల్ అమ్మేసింది. మళ్ళీ ఆ దూరమంతా నడిచింది. వ్యాను తప్పిన రోజుల్లో వెనక్కి నడిచింది. సంఘానికి రావడం మానేసింది. నేను అదే రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ ఆమెను దాటుకుని పోయాను, చాలాసార్లు. తల తిప్పకుండా పోయాను.

ఇంకొకటి రాయాలి, లేకపోతే ఇది సగం ఒప్పుకోలు. వెనక వచ్చింది మా వీధి పిల్లే అయివుంటే ఆ మాట నా నోట వచ్చేదా? రాదు. ఎస్తేరు కాబట్టి వచ్చింది. ఆమె చేసిందంటే నమ్మేస్తారని నాకు తెలుసు. ఎవరూ ఇంకో ప్రశ్న అడగరనీ తెలుసు. సంఘాన్ని కాపాడానని చాలా కాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంఘం నిలబడిన మాట నిజమే. నేను నిజం చెప్పి ఉన్నా నిలబడేదేమో. ఆ సంగతి తేల్చుకునే వీలు నేనే లేకుండా చేశాను.

ఈ పంగునిలో మా ఊరి కోడళ్ళు, తిరువళ్ళూరు నుంచి వచ్చిన ఆడపిల్లలు కలిసి పల్లెల మీదుగా సైకిళ్ళ మీద పోదామని ఏర్పాటు చేసుకున్నారు. మొదట సైకిల్ తొక్కిన పెద్దావిడ జెండా ఊపాలని నన్ను పిలిచారు. శాలువా కప్పారు. ఒక పిల్ల సైకిల్ ఎక్కబోయి తూలింది. పక్కనున్నది నవ్వింది.

"ఏంమే, ఎస్తేరు తొక్కుడు తొక్కతా ఉండావు?"

"ఎస్తేరంటే ఎవురు?" అంది తిరువళ్ళూరు పిల్ల.

"ఎవురో ఏమో. ఊరికే అంటారు."

ఆమె మనిషి కూడా కాకుండా పోయింది. అక్కడ ఆగలేకపోయాను. జెండా చేతిలో ఉండగానే ఎస్తేరు ఎవరో, ఆ పడుగు పడేసింది ఎవరో చెప్పాను. ఇప్పుడు రాసినంత పొడుగ్గా కాదు, నాలుగు మాటల్లో. మా వీధి ఆమె ఒకతె "బయల్దేరే పొద్దులో ఇదంతా ఎందుకక్కా" అని గొణిగింది. ఒక పిల్ల "ఎంత ధైర్యం అవ్వా నీకు" అని చప్పట్లు కొట్టబోయింది. ఆ చెయ్యి పట్టి ఆపాను. జెండా ఊపాను. వాళ్ళు తొక్కుకుంటూ పోయారు.

మరుసటి రోజే రైలెక్కి కడంబత్తూరు పోయాను. ఎస్తేరు ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. రమ్మంది, కూర్చోమంది, పని ఆపలేదు. అందరి ముందూ చెప్పేశానన్నాను.

"ఎంత మంది ఉండారక్కా?"

"ఒక బస్సు నిండేంత."

"నన్ను అనినోళ్ళు ఎన్ని బస్సులు ఉంటారో." నవ్వలేదు. "ఇంకా చెప్పు. నువ్వు బాగా మాట్లాడతావు గదా."

రాస్తానన్నాను. పేరు మార్చి రాయమంటావా అని అడిగాను.

"మారిస్తే ఇంక ఎవురికి తెలుస్తాది? నా పేరే రాయి."

క్షమించమని అడగలేదు. అడిగితే, అలవాటు కొద్దీ సరే అనేసినా అనేస్తుంది. ఆ సరే మూట కట్టుకుని నేను హాయిగా రైలెక్కేదాన్ని. ఆమె దగ్గర అది కూడా తీసుకోదలచుకోలేదు.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. భయంతో కాదు, మా చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. పేరు వేస్తే ఎంత నిజాయితీ అంటారు. ఎస్తేరు మీద నిలబడి ఒకసారి మెప్పు పొందాను, రెండోసారి వద్దు.

ఆ పొద్దు పడుగు పడేసింది నేను. ఎస్తేరు దాన్ని చేతుల మీద ఆపింది. నువ్వు ఎవరికైనా చెప్పేటప్పుడు ఆమె పేరు పెట్టి చెప్పు. నాకు తేలికగా ఉంది, అది దాచను. ఆమెకు ఎలా ఉందో నాకు తెలియదు.